అక్క బ్లాగుకి ఐదుగురు

అయినా వెళ్ళడం అంటే ఏమిటి, కాళ్ళతో వెళ్తేనే వెళ్ళడమా, వేళ్ళతో వెళ్ళినా వెళ్ళడమేనా? అక్క ఆ రోజు "నా గుమ్మం తొక్కకు, నా బ్లాగు గుమ్మం కూడా తొక్కకు" అని రెండూ కలిపే అంది కాబట్టి వేళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి. సరే, ఒప్పుకుంటాను. పద్నాలుగు నెలలుగా ఆ అడ్రసు నేను కొట్టలేదు. కానీ నేను కదలకుండా నా కుర్చీలో కూర్చుని ఉండగా ఆ బ్లాగే లేచి నా దగ్గరికి వస్తే? పక్కింట్లో ఎవరో పాడుకుంటుంటే విన్నవాణ్ణి దొంగ అంటారా? అనరు. పైగా మనం వింటున్నట్టు వాళ్ళకి తెలియదు. తెలియనంతకాలం... సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి నా వాదన కుంటడం మొదలుపెడుతుంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా లోపల ఇలాగే వాదించుకుంటుంది కాబోలు.

ఎదురుగా దగ్గుమందు కాగితం ఉంది. "మగత కలగవచ్చు" అన్న వాక్యాన్ని నాలుగోసారి చదువుతున్నాను.

నా ఉద్యోగం చదవడం. మందుపెట్టెలో ఎనిమిది మడతలు పెట్టి దాచే సన్నక్షరాల కాగితం ఉంటుంది చూడండి, ఎవరూ విప్పనిది, ఒకసారి విప్పితే మళ్ళీ మడతపడనిది. దాని ప్రూఫులు నేను దిద్దుతాను. ప్రతి అక్షరం చదివి కింద కుడిమూల పొట్టి సంతకం చేస్తాను. ఆ సంతకం అంటే చదివానని ప్రమాణం. తప్పుంటే ఎర్ర సిరా, అనుమానం ఉంటే మార్జిన్లో ప్రశ్న. ఏ తప్పూ లేని పేజీకి మా దగ్గర మెచ్చుకోలంటూ ఏమీ లేదు, సంతకమే. ఇరవై రెండేళ్ళు ఈ పని చేస్తే మనిషికి ఏమవుతుందో ఏ కాగితంలోనూ దుష్ప్రభావాల కింద రాసి ఉండదు.

అక్కకి మాత్రం ఆ దుష్ప్రభావం తగిలింది. మా అక్క బస్సు డిపోలో మరిచిపోయిన సామాన్ల గది చూసుకుంటుంది. ప్రయాణికులు సీట్ల కింద వదిలేసిన వస్తువులకి చీటీలు కట్టి, అరల్లో పెట్టి, ఎవరైనా వస్తే అప్పగించడం ఆవిడ పని. ఆ వస్తువుల మీద సరదాగా బ్లాగు రాయడం మొదలుపెట్టింది. మొదటి పది రాతలూ ప్రింటు తీసి, "నువ్వే నా మొదటి చదువరివిరా" అంటూ నా చేతిలో పెట్టింది. నేను వారం రోజులు శ్రద్ధగా చదివి ఆదివారం పట్టుకెళ్ళి ఇచ్చాను. నలభై ఒక్క చోట్ల ఎర్ర సిరా.

అక్క కళ్ళజోడు సవరించుకుని ఒక్కో పేజీ తిప్పింది. ఒంటి చెప్పు గురించి రాసిన పేజీ దగ్గర ఆగి, మార్జిన్లో నా ప్రశ్నని పైకి చదివింది. "ఇది హాస్యమా? నిర్ధారించగలరు."

"స్పష్టత కోసమని..." అన్నాను.

"ఒరేయ్, ఎడమ చెప్పు బస్సులో ఉండిపోతే కుడికాలు ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళిందా అని రెండు రోజులు నాలో నేను నవ్వుకుని రాశాన్రా. నిర్ధారించమంటావా?"

"అనుమానం వస్తే అడగాలక్కా. మా దగ్గర నియమం."

"నేనేమన్నా మందుసీసానట్రా?"

"అయినా నలభై ఒకటే వచ్చాయక్కా. పది పేజీలకి అది చాలా తక్కువ," అన్నాను. నా జన్మలో నేను ఒకరిని అంతకంటే మెచ్చుకున్నది లేదు. గుమ్మాల సంగతి అప్పుడే అంది.

ఫీడ్ల సంగతి నాకు నేర్పింది లేఅవుట్ మేడమ్. నేను దిద్దిన కాగితాలని పేజీలుగా కట్టేది ఆవిడే. ఆఫీసులో అందరూ నన్ను వెనకాల "కామాగారు" అంటారు. ఆవిడ మొహం మీదే అంటుంది. ఆర్నెల్ల కిందట ఓ పొద్దున, నేను నా నిత్యకృత్యంలో ఉన్నాను. మందుల హెచ్చరికలు మారుతూ ఉంటాయి కాబట్టి రోజూ పందొమ్మిది సైట్లు ఒకదాని తర్వాత ఒకటి తెరిచి, కొత్తగా ఏమైనా పెట్టారేమో చూసేవాణ్ణి. ఆవిడ నా వెనక నిలబడి టీ తాగుతూ చూసింది.

"ఏమిటి కామాగారూ, పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొడుతున్నారు?"

"కొత్త హెచ్చరికలున్నాయేమోనని."

"ఉన్నాయా?"

"లేవు."

"నిన్న?"

"నిన్నా లేవు."

"జరగండి," అని నా కుర్చీ లాక్కుంది. "ఆర్.ఎస్.ఎస్. ఫీడు అంటారు. పేరుకి భయపడకండి. ప్రతి సైటు లోపలా రంగులూ హంగులూ లేకుండా, కొత్తగా పెట్టినవాటి జాబితా ఒకటి ఉంటుంది. అదే ఫీడు. ఈ ఫీడ్ రీడర్ ఉంది చూశారూ, ఇది గంటగంటకీ వెళ్ళి ఆ జాబితాలు చూసి, కొత్తదుంటే తెచ్చి మీ బల్ల మీద పెడుతుంది. మీరు తలుపు కొట్టక్కర్లేదు. సైటు అడ్రసు ఇక్కడ అతికించండి చాలు, ఫీడు ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. దొరకలేదనుకోండి, పేజీలో ఎక్కడో నారింజరంగు గుర్తుంటుంది, ఒక చుక్క, దాని మీద రెండు వంపు గీతలు. అది నొక్కండి."

"చందాదారుగా చేరండి అంటోంది. డబ్బు కట్టాలా?"

"అక్కర్లేదు. పేరు కూడా చెప్పక్కర్లేదు."

"మరి వచ్చినవాటిలో నాకేది ముఖ్యమో ఎవరు చెప్తారు?"

"ఎవరూ చెప్పరు. మీకు నచ్చుతాయని ఎవడో అనుకున్నవి రావు. మీరు అడిగినవే వస్తాయి, పెట్టిన వరసలో. అంతకంటే మర్యాద ఇంకేం కావాలి?"

ఆ మర్యాదకి మురిసిపోయి మొదటిరోజే ముప్ఫై ఏడు సైట్లు చేర్చాను. మర్నాడు పొద్దున రీడర్ తెరిస్తే, చదవనివి: 1,116. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటిదాని నుంచి మొదలుపెట్టాను. మూడు రోజులు. ఒక ఆసుపత్రి తన కొళాయిలు బాగుచేయించుకుంటున్న ప్రకటన కూడా అక్షరం వదలకుండా చదివాను. నేను నాలుగు చదివేలోపు ఐదు వచ్చేవి. మూడోరోజు మధ్యాహ్నం లేఅవుట్ మేడమ్ వచ్చి నా కళ్ళు చూసింది.

"ఇక్కడ 'అన్నీ చదివినట్టు గుర్తుపెట్టు' అని ఉంది, నొక్కండి."

"చదవకుండా చదివినట్టు సంతకమా?"

"రామరామ! ఇది ప్రూఫు కాదు కామాగారూ, కాలవ. కాలవని ఎవరైనా లెక్కపెడతారా? చెంబుడు ముంచుకుంటారు, మిగతాది పోతుంది." అంటూ తనే నొక్కేసింది. సున్నా అయింది. ఆ రోజంతా నాకు ఏదో దొంగ సంతకం చేసినట్టు వేళ్ళు జివ్వుమన్నాయి.

కానీ ఆవిడ అన్న ఇంకో మాట నాలో పనిచేస్తూనే ఉంది. పేరు కూడా చెప్పక్కర్లేదు. తలుపు కొట్టక్కర్లేదు. భోజనాల వేళ అందరూ లేచాక, మా ఆవిడ ఎప్పుడో పంపిన మెసేజీలోంచి అక్క బ్లాగు అడ్రసు తీసి రీడర్లో పెట్టాను. ఆ అడ్రసు నేను కొట్టలేదు. అతికించాను. రెంటికీ తేడా ఉంది.

ఒక్క ఊపున పది రాతలు వచ్చి వాలాయి. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, అక్క గొంతు. పళ్ళసెట్టు గురించి రాసింది. బస్సులో దొరికిన ఒక్క పళ్ళసెట్టు కోసం ముగ్గురు వచ్చారట, నాదంటే నాదని. పెట్టి చూసుకోమంటే ఒక్కరికీ సరిపోలేదట. "ముగ్గురూ నోరు మెదపకుండా వెళ్ళిపోయారు" అని ముగించింది. నేను ఎర్ర పెన్ను మూత తీసి, తెర మీద రాయలేనని గుర్తొచ్చి, మళ్ళీ మూత పెట్టాను.

వారం తిరక్కుండా అక్క ఇలా రాసింది: "బ్లాగు లెక్కల పేజీలో ఈ రోజు ఒక వింత. ఫీడు చందాదారులు: 1. ఎవరో ఒకరు నేను రాసేది తమ దగ్గరికే తెప్పించుకుంటున్నారు. పొరపాటున నొక్కి ఉంటారు."

గబుక్కున రీడర్ మూసేశాను. పేరు చెప్పదు గానీ, ఆ రీడర్ ఎంతమంది తరఫున వచ్చిందో తలలు లెక్కపెట్టి అవతలివాళ్ళకి చెప్తుందట. భయం తగ్గాక కోపం వచ్చింది. పొరపాటా? నేను పొరపాటునా? మర్నాడు ఆఫీసు ఈమెయిల్ ఇంకొకటి వాడి, మరో ఖాతా తెరిచి మళ్ళీ చేరాను.

"ఇద్దరు!" అని రాసింది అక్క. "ఒకరైతే పొరపాటు. ఇద్దరంటే ఊరే కదిలినట్టు."

ఒకరిని సంతోషపెట్టడం ఇంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు. మూడో ఖాతా కూడా ఆఫీసులోనే. నాలుగోది ఇంట్లో. ఐదోది మా ఆవిడ ఫోన్లో, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు. ఐదు దగ్గర ఆగాను, అత్యాశకి కూడా మార్జిన్ ఉండాలి కదా.

అక్క ఊరుకుంటుందా, ఐదుగురినీ ఊహించుకోవడం మొదలుపెట్టింది. ఒకరు రిటైరైన ఓడ కెప్టెనట. ఒకరు నర్సు. ఒకరు లెక్కల పరీక్ష తప్పిన పిల్ల. ఒకరు ఇంటినిండా గడియారాలున్న ముసలామె. "ఐదోవారు ఎవరో ఎంత ప్రయత్నించినా నాకు మొహం అందడం లేదు" అని రాసింది.

నేను ఆ నలుగురిగా చదవడం మొదలుపెట్టాను. తమాషాకే. గొడుగుల మీద రాసింది ముందు కెప్టెన్‌గా చదివాను. "వానరోజు ఒక్క గొడుగూ రాదు. ఎండ కాసిన రోజు ఇరవై వస్తాయి. మనిషికి తడుస్తున్నప్పుడే జ్ఞాపకం బాగుంటుంది." కెప్టెన్ పొట్ట పట్టుకుని నవ్వాడు, సముద్రం మీద తడిసినవాడు కదా. నర్సు అలసిపోయి సగంలో ఆపి, మళ్ళీ మొదటికి వచ్చింది. పరీక్ష తప్పిన పిల్ల ఇరవై గొడుగుల్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ముసలామె నెమ్మదిగా చదివింది. నలుగురిలో ఒక్కరి చేతిలోనూ ఎర్ర పెన్ను లేదు. ఆ సంగతి నేను గమనించింది చాలా రోజుల తర్వాత. ఐదోవాడి వంతు వచ్చేసరికి నాకు కాస్త బద్ధకంగా ఉండేది. ఐదోవాడంటే నేనే, కామాగారు.

ఒక ఆదివారం మా ఆవిడ ఫోను పట్టుకుని వచ్చింది. "ఏమండీ, నా ఫోన్లో ఈ వదిన బ్లాగు ఎలా దూరింది?"

"అదే వస్తుంది. ఫీడు అంటారు."

"ఎవరు రమ్మంటే వస్తుంది?" నా మొహం చూసి మంచం మీద కూలబడి నవ్వింది. వాళ్ళిద్దరూ వారానికి రెండుసార్లు ఫోన్లో మాట్లాడుకుంటారు, పోట్లాట నాకూ అక్కకీ మధ్యే. "నిన్న కూడా చెప్పింది, ఐదుగురు అభిమానులు దొరికారని. ఓడ కెప్టెన్ ఉన్నాడట. ఏడీ, ఒకసారి సెల్యూట్ కొట్టండి చూద్దాం."

"అక్కకి చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? మీరే చెప్పండి."

"గుమ్మం తొక్కొద్దంది కదా."

"గుమ్మం తొక్కొద్దంటే గోడ దూకమని అర్థమా? బాగుంది తమ్ముడిగారి పెద్దరికం!"

నేను చెప్పలేదు. చెప్పకపోవడంలో ఒక సుఖం ఉంది. అక్క లోకంలో ఉన్న జనాభా అంతా నేనే. ఆ సుఖం అంత మంచిది కాదేమోనని అప్పుడప్పుడూ అనిపించేది గానీ, నిర్ధారించలేదు.

మొన్న సోమవారం లేఅవుట్ మేడమ్ ఆఫీసు కంప్యూటర్లు శుభ్రం చేసింది. నేను వెళ్ళేసరికి చేతులు దులుపుకుంటోంది. "మన మెయిళ్ళ మీద మీ పాత ఖాతా కాక ఎవరో ఇంకో రెండు రీడర్ ఖాతాలు తెరిచి వదిలేశారు కామాగారూ. మూడూ తీసేశాను. మందుల ఫీడ్లన్నీ కలిపి మీకు కొత్తగా ఒకటి కట్టాను, చూసుకోండి."

కెప్టెన్, నర్సు, పరీక్ష తప్పిన పిల్ల. ఒక్క పూటలో.

ఈ పొద్దున, అంటే గురువారం, మా ఆవిడ ఫోన్లో అక్క కొత్త రాత వచ్చి ఉంది. నిలబడే చదివాను.

"ఐదుగురు ఇద్దరయ్యారు. మూడు రోజులు చూశాను, తిరిగి రాలేదు. ఏం తప్పు రాశానా అని వెనక్కి వెళ్ళి చదువుకుంటే, ప్రతి వాక్యం పక్కనా నాకు ఎర్ర సిరాయే కనిపిస్తోంది. మా తమ్ముడి అనుమానం సరైనదే కాబోలు. ఈ గదికి వచ్చేవాళ్ళంతా ఏదో ఒకటి పోగొట్టుకునే వస్తారు. ఏమీ పోగొట్టుకోకుండా ఊరికే వచ్చినవాళ్ళు ఆ ఐదుగురే. ఆదివారం ఈ బ్లాగు తీసేస్తున్నాను."

"వెళ్ళి చెప్పండి," అంది మా ఆవిడ, నా భుజం మీంచి చదివి.

"చెప్తే ముగ్గురు కాదు, ఐదుగురూ పోతారు. మిగిలేది నేను."

"మీరు మిగలడం అంత ఘోరమా?"

చెప్పులేసుకుని రోడ్డు మీద పడ్డాను. బస్సు దొరికింది, ఎక్కేశాను.

అలా దగ్గుమందు ముందు కూర్చుని, వెళ్ళడం అంటే ఏమిటని వాదించుకుంటున్నాను. "మగత కలగవచ్చు." ఐదోసారి. దారి ఒకటుంది. మళ్ళీ మూడు ఖాతాలు తెరిస్తే సాయంత్రానికి ఐదు అవుతుంది, ముగ్గురూ ఏదో పనిమీద ఊరెళ్ళి వచ్చారనుకుంటుంది అక్క. మొదటి ఖాతాకి పాస్‌వర్డ్ కొడుతుండగా వెనక టీ వాసన వచ్చింది.

"మీవేనా ఆ ఇంకో రెండు ఖాతాలూ!" అంది లేఅవుట్ మేడమ్.

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం ఎందుకని అంతా చెప్పేశాను. నర్సు దాకా వచ్చేసరికి ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టేసింది, ఒలికిపోతుందని.

"మీలో నర్సు కూడా ఉందా కామాగారూ? ఎన్నడూ చెప్పలేదే!" కళ్ళు తుడుచుకుంది. తర్వాత నవ్వు ఆగింది. "సరే, తెరవండి. ఎన్నాళ్ళు? నేను కంప్యూటర్లు కడిగినప్పుడల్లా మీ అక్కగారు ఏడవాలా? నాకు ఆ పాపం అంటగట్టకండి." కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

పాస్‌వర్డ్ సగంలో ఆగింది. నా ఫోను తీసి, ఇంటి ఖాతా తెరిచి, అక్క రాత కింద చిన్నక్షరాల్లో ఉన్న "సైటులో చదవండి" దగ్గర వేలు పెట్టాను. అతికించడం కాదు ఇది. నిజంగా వెళ్ళడమే. వెళ్ళాను.

"మీరు వెతుకుతున్న పేజీ ఇక్కడ లేదు."

రెండుసార్లు నొక్కాను. లేదు. అప్పుడు అర్థమైంది. అక్క ఆ రాత పెట్టి, కాసేపటికే తీసేసింది. అక్కడ తీసేసినా, అప్పటికే తెచ్చిపెట్టుకున్న నా రీడర్లో అది ఉండిపోయింది. అంటే ఆ మాటలు లోకంలో మా ఇంట్లో తప్ప ఎక్కడా లేవు. అక్క ఇంకా తేల్చుకోలేదు. నేనిప్పుడు ఏమన్నా అంటే, ఆవిడ వెనక్కి తీసుకున్న మాటని విన్నానని ఒప్పుకోవాలి.

మొదటి పేజీకి వెళ్ళాను. మొట్టమొదట కళ్ళు చెదిరాయి. చిలకపచ్చ గోడ మీద పసుపు అక్షరాలు, పైన కదులుతున్న బస్సు బొమ్మ. ఆర్నెల్లుగా తెల్లకాగితంలా చదువుకుంటున్న అక్క ఇలాంటి రంగుల ఇంట్లో కాపురముందని నాకు తెలియదు. అక్షరాలు కనిపించక కళ్ళు చికిలించాల్సివచ్చింది.

కిందికి జరిపాను. ప్రతి రాత కిందా మనుషులున్నారు. ఫీడులో రాతలే వస్తాయి, వాటి కింద జనం అన్న మాటలు రావు. ఒక బస్సు డ్రైవరు, "మేడమ్, ఆ గొడుగుల్లో ఒకటి నాదే, రేపు వస్తా." ఇంకెవరో, "మా నాన్న పళ్ళు దొరికాయి, ఫ్రిజ్‌లో." దానికి అక్క జవాబు, "చల్లగా నవ్వమనండి." ఒక రాత కింద ఇరవై మూడు. నేను అన్నీ చదివాను, అక్షరం వదలకుండా. వీళ్ళంతా ఎప్పటి నుంచో కాళ్ళతో, వేళ్ళతో మామూలుగా వచ్చి, తలుపు తట్టి, పేరు చెప్పి వెళ్తున్నారు. అక్క లోకంలో జనాభా అంతా నేనేననుకున్నాను. ఎవరో నా చేతిలోంచి చాలా బరువైన సామాను అందుకున్నట్టయింది. ఆ వెంటనే, నిజం చెప్పాలంటే, కాస్త అసూయ కూడా.

కానీ వీళ్ళు వస్తున్నా ఆ ముగ్గురి కోసం మూడు రోజులు చూసిందే అక్క. పోగొట్టుకోకుండా వచ్చినవాళ్ళని కదా అంది. నేను పోగొట్టుకోకుండానా వచ్చాను?

అన్నిటికంటే పైన నిన్నటి రాత ఉంది. ఎవరో బస్సులో మరిచిపోయిన డోలు మీద. దాని కింద ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. ఖాళీ గడి ఒకటి, కర్సరు కొట్టుకుంటోంది.

మొదట కెప్టెన్ తరఫున ఒక పేరా రాశాను. చెరిపేశాను. జరిగిందంతా వివరంగా, తేదీలతో, నాలుగు పేరాల్లో రాశాను. చదువుకుంటే మందుకాగితంలా ఉంది, చెరిపేశాను. లేఅవుట్ మేడమ్ తన బల్ల దగ్గర్నుంచి చూడనట్టు చూస్తోంది. నా పక్కన దగ్గుమందు కాగితం సంతకం కోసం అలాగే పడి ఉంది.

"ఆ ఐదుగురూ నేనే అక్కా. ఎవరూ వెళ్ళలేదు."

పేరు అన్న గడిలో "తమ్ముడు" అని కొట్టాను. పైనుంచి ఒకసారి చదువుకుందామని కళ్ళు వాటంతటవే మొదటి అక్షరం మీదికి వెళ్ళబోయాయి. వాటిని అక్కడిదాకా వెళ్ళనివ్వకుండా "పంపు" నొక్కాను.